షుగర్ ఉందన్నారు సరే, ఏ షుగర్?

పరగడుపున 168, తిన్న రెండు గంటలకు 274. ల్యాబ్ వాళ్లు ఇచ్చిన కాగితం మీద ఈ రెండు అంకెలే ఉన్న ముగ్గురిని ఊహించుకుందాం. ఒకాయనకు యాభై రెండేళ్లు. బొజ్జ ఉంది, తండ్రికీ మేనత్తకీ షుగర్ ఉండేది. రెండో మనిషి ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి. సన్నగా ఉంటుంది, మూడు నెలల్లో ఏడు కిలోలు తగ్గింది, నీళ్ల కోసం, బాత్‌రూమ్ కోసం రాత్రి నాలుగైదు సార్లు లేస్తోంది. మూడో అతనికి ముప్పై నాలుగు. చిన్నప్పటి నుంచీ ఉండుండి కడుపునొప్పి వస్తుంటే గ్యాస్ అనుకుని బిళ్లలు మింగుతూ వచ్చాడు. చాలాచోట్ల ఈ ముగ్గురి చేతికీ వచ్చే చీటీ ఒకటే: మెట్‌ఫార్మిన్, దానికి తోడు గ్లిమిపిరైడ్, తీపి మానాలి, అన్నం తగ్గించాలి, రోజూ నడవాలి. మొదటాయనకు అది సరిపోవచ్చు. ఆ అమ్మాయికి మాత్రం కొద్ది వారాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. మూడో అతని అసలు జబ్బు క్లోమంలో రాళ్ల రూపంలో అలాగే ఉండిపోతుంది. థర్మామీటర్ 102 చూపిస్తే జ్వరం ఉందని తెలుస్తుంది గానీ అది మలేరియానా, టైఫాయిడా, డెంగీనా అన్నది తెలియదు. ఆ తేడా తెలిసిన వాళ్లం కాబట్టి ఏ జ్వరమో తేల్చమని డాక్టర్‌ని మనమే అడుగుతాం. షుగర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంకె తెలిస్తే జబ్బు తెలిసిపోయినట్టే అనుకుంటాం. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉండడం ఒక కొలత. ఎందుకు ఎక్కువగా ఉందో చెప్పినప్పుడే అది రోగనిర్ధారణ అవుతుంది. మన దేశంలో, అందులోనూ దక్షిణాదిలో, ఈ రెండో ప్రశ్న అడగాల్సిన అవసరం మిగతా చోట్ల కంటే ఎక్కువే ఉంది.

ఆ అంకెలు ఎలా పుట్టాయో చూస్తే విషయం ఇంకొంచెం తేటపడుతుంది. పరగడుపున డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగిన రెండు గంటలకు 200 గానీ ఆ పైన గానీ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం గానీ ఆ పైన గానీ ఉంటే మధుమేహం కింద లెక్క. 1997కు ముందు పరగడుపు గీత 140 దగ్గర ఉండేది. అమెరికాలోని పీమా తెగవారిలోనూ, ఈజిప్టులోనూ, అమెరికా జాతీయ సర్వేలోనూ జనం రక్తపరీక్షలనూ కంటి పరీక్షలనూ పక్కపక్కన పెట్టి చూశారు. గ్లూకోజ్ ఏ స్థాయి దాటాక కంటి రెటీనా దెబ్బతినడం ఎక్కువవుతోందో గమనించి గీతను 126కు దించారు. అంటే ఈ గీత చెప్పేది ఒక్కటే: ఇక్కడి నుంచి కళ్లకు ప్రమాదం. గ్లూకోజ్ పెరగడానికి కారణం క్లోమంలో ఉందా, కాలేయంలో ఉందా, జన్యువులో ఉందా, మింగుతున్న మందులో ఉందా అన్న ప్రశ్న దాని పరిధిలోనే లేదు. ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షల మంది. వీళ్లందరూ ఈ గీత దాటినవాళ్లు. అందరిదీ ఒకే జబ్బు అని ఆ లెక్క చెప్పడం లేదు.

ఒకే జబ్బు కాదన్న అనుమానం మన దగ్గర చాలా పాతది. పుట్టుకతో వచ్చేదీ, తిండి తిప్పల వల్ల వచ్చేదీ అని సుశ్రుత సంహిత ప్రమేహాన్ని రెండుగా విడదీసింది. మొదటి రకం మనిషి కృశించి ఉంటాడనీ, రెండో రకం మనిషి స్థూలంగా ఉంటాడనీ గుర్తులు కూడా చెప్పింది. ఆ అనుమానం ప్రయోగానికి నిలవడానికి 1936 దాకా ఆగాల్సి వచ్చింది. లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ తన రోగులకు ఒకే సమయంలో గ్లూకోజ్ తాగించి, నరంలోకి ఇన్సులిన్ ఎక్కించాడు. కొందరిలో ఆ ఇన్సులిన్ గ్లూకోజ్‌ను అణిచిపెట్టింది. కొందరిలో దానికి అంత బలం లేనట్టే గ్లూకోజ్ పైకి పోయింది. మొదటివారికి కొరత ఇన్సులిన్‌ది, రెండోవారి ఒంటికి అది ఎక్కడం లేదు. 1960లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తంలో ఇన్సులిన్‌ను నేరుగా కొలిచే పద్ధతి కనిపెట్టాక, పెద్దవయసులో షుగర్ వచ్చిన చాలామంది ఒంట్లో ఇన్సులిన్ దండిగానే ఉందని రుజువైంది. 1974లో మొదటి రకం వారి రక్తంలో సొంత క్లోమ కణాల మీదే దాడి చేసే యాంటీబాడీలు దొరికాయి. టైప్ 1, టైప్ 2 అన్న విభజన వెనక ఉన్న కథ స్థూలంగా ఇదే. చిక్కల్లా ఈ శాస్త్రం ఆస్పత్రి గదిలోకి వచ్చేసరికి బండగుర్తుగా మారిపోవడంలో ఉంది. పిల్లలకు, సన్నగా ఉన్నవాళ్లకు వస్తే టైప్ 1. పెద్దవాళ్లకు, లావుగా ఉన్నవాళ్లకు వస్తే టైప్ 2. ఐరోపాలో తయారైన ఈ గుర్తు అక్కడే కొంత తప్పుతోంది, ఇక్కడైతే రెండు వైపులా తప్పుతుంది.

పుణె కేఈఎం ఆస్పత్రికి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యూడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఏ చార్టులో చూసినా ఇద్దరూ సన్నగా, ఆరోగ్యంగా ఉన్నట్టే. స్కానింగులో కొవ్వు కొలిస్తే యూడ్కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. మనవాళ్ల దేహం గురించి అంతకన్నా పొట్టిగా ఎవరూ చెప్పలేదనిపిస్తుంది. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, కండ తక్కువ, కొవ్వు మాత్రం పొట్టలోపల, కాలేయం చుట్టూ పేరుకుంటుంది. అందుకే మన దగ్గర బక్కగా ఉన్నవారికీ, పాతికేళ్ల కుర్రాళ్లకూ అచ్చమైన టైప్ 2 వస్తుంది. సన్నగా ఉన్నాడు కదా అని ఇలాంటి వ్యక్తికి టైప్ 1 ముద్ర వేస్తే జీవితాంతం సూదులు పొడుచుకుంటూ ఉండాలి. అందులో కొంత భాగం అనవసరం కావచ్చు.

ఇక రెండో వైపు. టైప్ 1 పిల్లల జబ్బు అనే నమ్మకాన్ని 2018లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం గట్టిగా కుదిపింది. యూకే బయోబ్యాంక్‌లో ఉన్న లక్షలమంది జన్యు సమాచారం తీసుకుని, టైప్ 1 ముప్పును బట్టి లెక్కగడితే, అరవై ఏళ్ల లోపు వచ్చిన టైప్ 1 కేసుల్లో 42 శాతం ముప్పై దాటాకే మొదలైనట్టు తేలింది. ఆ వయసులో అందరికీ టైప్ 2 విరివిగా వస్తుంది కాబట్టి వీళ్లు ఆ గుంపులో కలిసిపోయి కనపడరు. కొందరిలో క్లోమం మీద ఈ దాడి నెమ్మదిగా సాగుతుంది. మొదటి ఏడాది, రెండేళ్లు బిళ్లలతోనే షుగర్ అదుపులో ఉన్నట్టు కనిపిస్తుంది, తరవాత ఏ బిళ్లకూ లొంగదు. పథ్యం చేయట్లేదని ఇంట్లోవాళ్లూ డాక్టరూ కలిసి రోగిని తిట్టే దశ అదే. తప్పు తిండిది కాదు, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు మిగల్లేదు. ఈ అంకెలు ఐరోపా మూలాలున్న జనానివి. మన దగ్గర చిన్నవయసు టైప్ 2 చాలా ఎక్కువ కాబట్టి ఇంత నిష్పత్తి ఇక్కడ ఉండదు. కానీ నిష్పత్తి తక్కువైనంత మాత్రాన ఆ మనిషికి ఇన్సులిన్ అవసరం తగ్గదు కదా.

ఈ రెండు పెట్టెల్లో దేనిలోనూ ఇమడని మూడో మనిషి, కడుపునొప్పి అతను, దక్షిణాదికి బాగా దగ్గరివాడు. 1959లో జుయిడెమా అనే వైద్యుడు ఇండోనేషియాలో పోషణ లేని పేదల్లో క్లోమం నిండా రాళ్లు, దాంతోపాటు మధుమేహం ఉండడం చూసి రాశాడు. ఆ తరవాత కేరళలో పి.జె. గీవర్గీస్ ఇలాంటి రోగులను పెద్ద సంఖ్యలో చూసి, ఈ జబ్బు నడిచే తీరును నమోదు చేశాడు. చిన్నతనంలో కడుపునొప్పి, యవ్వనంలో మధుమేహం, నిండు వయసులోనే మరణం. క్లోమనాళంలో సున్నపురాళ్లు కట్టి, చుట్టూ కణజాలం గట్టిపడి, ముందు జీర్ణరసాలు తగ్గుతాయి, తరవాత ఇన్సులిన్ తగ్గుతుంది. మలం జిడ్డుగా, నీళ్లమీద తేలేలా రావడం జీర్ణరసాలు తగ్గాయనడానికి గుర్తు. కర్రపెండలంలోని సయనైడ్ దీనికి కారణమని చాలాకాలం అనుకున్నారు, అది నిరూపణ కాలేదు. ఇక్కడ హైదరాబాద్ వాటా ఉంది. సీసీఎంబీలో గిరిరాజ్ చందక్, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో నాగేశ్వర్ రెడ్డి బృందాలు కలిసి చేసిన పరిశోధన, ఈ జబ్బుకు స్పింక్1 అనే జన్యువులోని లోపాలతో సంబంధం ఉందని 2002లో చూపించింది. క్లోమం తన జీర్ణరసాలకు తానే బలికాకుండా అడ్డుపడే ప్రొటీన్ ఆ జన్యువు నుంచే తయారవుతుంది. ఈ మనిషిని గుర్తుపట్టడానికి ఖరీదైన పరీక్షేమీ అక్కర్లేదు. పొట్టకు తీసిన మామూలు ఎక్స్‌రేలోనే రాళ్లు తెల్లగా వరసకట్టి కనిపించవచ్చు, అల్ట్రాసౌండ్‌లో ఇంకా బాగా తెలుస్తాయి. తెలిస్తే అతనికి ఇన్సులిన్‌తో పాటు భోజనంతో వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్ ఇస్తారు, రాళ్లకు వైద్యం చేస్తారు, క్లోమ క్యాన్సర్ ముప్పు ఎక్కువ కాబట్టి కనిపెట్టి ఉంటారు. తెలియకపోతే గ్యాస్ బిళ్లలూ షుగర్ బిళ్లలూ విడివిడిగా నడుస్తుంటాయి.

దీనికి పక్కనే ఇంకో వివాదం ఉంది. క్లోమంలో రాళ్లు లేవు, యాంటీబాడీలు లేవు, చిన్నతనంలో చాలీచాలని తిండితో పెరిగి బక్కచిక్కిన యువకులకు వచ్చే మధుమేహం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో పోషకాహార లోపపు మధుమేహం అని దీనికి ఒక పెట్టె కేటాయించి, 1999లో ఆధారాలు చాలవని తీసేసింది. వెల్లూరు సీఎంసీ, న్యూయార్క్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల కలిసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటివారి క్లోమం ఇన్సులిన్‌ను చాలా తక్కువగా విడుదల చేస్తోందనీ, అయితే వారి ఒంటికి ఇన్సులిన్ బాగానే ఎక్కుతోందనీ చూపించారు. అంటే టైప్ 2కు దాదాపు తలకిందులు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2025లో దీనికి టైప్ 5 అని పేరు పెట్టింది. ఈ పేరు నిలుస్తుందా లేదా అన్న వాదన ఇంకా ముగియలేదు. పేరుకన్నా, పట్టికలో పెట్టె లేనంతకాలం ఆ రోగులు కనపడకుండా పోయారన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

సరైన నిర్ధారణ ఎంత మార్పు తేగలదో చూడాలంటే జన్యువుల వల్ల వచ్చే మధుమేహాన్ని మించిన ఉదాహరణ లేదు. బీటా కణం పైపొరలో పొటాషియం బయటికి పోయే చిన్న ద్వారాలుంటాయి. గ్లూకోజ్ కణంలోకి వచ్చి శక్తిగా మారితే, ఆ శక్తి అణువులు ద్వారాన్ని మూసేస్తాయి. పొటాషియం లోపలే నిలిచిపోయి పైపొర మీది విద్యుత్తు మారుతుంది, వెంటనే కాల్షియం లోపలికి దూసుకొస్తుంది, అప్పుడు ఇన్సులిన్ నిండిన సంచులు కణం అంచుకు చేరి విప్పుకుంటాయి. కొందరు పిల్లల్లో ఈ ద్వారాన్ని తయారుచేసే జన్యువులోనే లోపం ఉంటుంది. ఎంత గ్లూకోజ్ వచ్చినా ద్వారం మూసుకోదు. లోపల ఇన్సులిన్ ఉండి కూడా బయటికి రాదు. ఇలాంటి పిల్లలకు పుట్టిన ఆరు నెలల్లోపే షుగర్ వస్తుంది, పసిబిడ్డ కాబట్టి టైప్ 1 అని ఇన్సులిన్ మొదలుపెట్టేవారు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో ఆండ్రూ హ్యాటర్స్‌లీ బృందం 2004లో ఈ జన్యులోపాన్ని పట్టుకుంది. సల్ఫోనైల్‌యూరియా జాతి మందులు ఆ ద్వారాన్ని నేరుగా మూసేస్తాయని అప్పటికే తెలుసు. మన మందుల షాపుల్లో దశాబ్దాలుగా చవగ్గా దొరికే గ్లైబెన్‌క్లమైడ్ అలాంటిదే. 2006లో వెలువడిన ఫలితాల్లో, ఇన్సులిన్ నుంచి ఈ బిళ్లకు మార్చిన 49 మందిలో 44 మంది ఇన్సులిన్ పూర్తిగా మానేయగలిగారు, పైగా వారి షుగర్ అదుపు ముందుకన్నా మెరుగుపడింది. పుట్టిన దగ్గర్నుంచి సూదులే దిక్కనుకున్నవారికి బిళ్ల సరిపోయింది. కొత్త మందేదీ రాలేదు, జబ్బు పేరు సరిగ్గా తెలిసిందంతే. అందుకే ఆరు నెలల్లోపు బిడ్డకు షుగర్ వస్తే జన్యుపరీక్ష తప్పనిసరి అని ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ మన దేశంలో ఈ పని చాలాకాలంగా చేస్తోంది.

పెద్దయ్యాక బయటపడే ఇలాంటి జన్యు మధుమేహాన్ని వైద్యులు పొట్టిగా మోడీ అంటారు. అందులోనూ రకాలున్నాయి, వాటి వైద్యాలు ఒకదానికొకటి ఎదురు దిక్కులు. గ్లూకోకైనేజ్ అనే జన్యువులో లోపం ఉంటే ఒంట్లో గ్లూకోజ్ కొలిచే పరికరమే కాస్త పైకి జరిగి కూర్చుంటుంది. పరగడుపున 100 నుంచి 145 మధ్య జీవితాంతం అలాగే ఉంటుంది, పెద్దగా పెరగదు, కళ్లూ కిడ్నీలూ దెబ్బతినడం అరుదు. గర్భిణిగా ఉన్నప్పుడు తప్ప వీరికి మందులే అక్కర్లేదు. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ అనే జన్యువులో లోపమైతే షుగర్ ఏటా పెరుగుతుంది, అన్ని నష్టాలూ వస్తాయి, కానీ కొద్ది మోతాదు సల్ఫోనైల్‌యూరియాకే బ్రహ్మాండంగా తగ్గుతుంది. ఇద్దరినీ టైప్ 2 అనో టైప్ 1 అనో పిలిస్తే ఒకరికి అక్కర్లేని మందు, మరొకరికి అక్కర్లేని సూది.

అన్నిటికన్నా ముందు, ఆ అంకె అయినా నిజమేనా అన్నది తేలాలి. మూడు నెలల షుగర్ అని మనవాళ్లు పిలిచే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీద ఆధారపడింది. అన్నాళ్లు గ్లూకోజ్‌లో తేలిన హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజ్ అంటుకుందో ఆ పరీక్ష కొలుస్తుంది. ఐరన్ లోపం ఉన్నవారిలో కొత్త కణాలు పుట్టడం మందగించి, పాత కణాల వాటా పెరిగి, షుగర్ లేకపోయినా ఈ అంకె కాస్త పైకి జరగవచ్చు. కణాలు తొందరగా పగిలిపోయే జబ్బుల్లో, రక్తం పోయినప్పుడు, రక్తం ఎక్కించుకున్నాక ఇదే అంకె తక్కువ చూపించి అసలు షుగర్‌ను దాచేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉంది. మన్యం ప్రాంతాల్లో సికిల్ సెల్ లక్షణం ఉన్నవారూ ఉన్నారు. ఇంతమందిలో హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే పట్టుకుని 6.6 వచ్చింది కాబట్టి షుగర్ అనడం, 6.3 వచ్చింది కాబట్టి లేదనడం రెండూ తొందరపాటే. అలాంటప్పుడు పరగడుపు రక్తం, గ్లూకోజ్ తాగిన రెండు గంటల రక్తం నరం నుంచి తీసి ల్యాబ్‌లో చూడాలి. వేలు గుచ్చి చూసే గ్లూకోమీటర్‌కు అంతర్జాతీయ ప్రమాణమే వంద పైన 15 శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తుంది. అసలు గ్లూకోజ్ 126 ఉంటే మీటర్ 108 చూపినా, 144 చూపినా ప్రమాణం ప్రకారం అది మంచి మీటరే. రోజువారీ అదుపు చూసుకోవడానికి దాన్ని మించింది లేదు గానీ, ఆరోగ్య శిబిరంలో ఒక్క చుక్కతో జీవితకాలపు జబ్బు పేరు రాయడానికి అది పనికిరాదు. దాహం, బరువు తగ్గడం లాంటి లక్షణాలు లేనివారిలో రెండు ఫలితాలు కలిస్తేనే షుగర్ అనాలన్న నియమం పుస్తకాల్లో ఉంది. మన శిబిరాల్లో తొందరగా మరిచిపోయే నియమం కూడా అదే.

ఇలా రకం తేల్చాలనడానికి వైద్యులే చెప్పే అభ్యంతరం ఒకటుంది, అది బలమైనది. వందమందిలో తొంభైకి పైగా టైప్ 2యే, అందరికీ మొదట మెట్‌ఫార్మినే, రోజుకు అరవై డెబ్భై మందిని చూసే చోట ఈ వర్గీకరణ కసరత్తు ఎందుకు అంటారు. నిజమే. యాభై దాటి, పొట్ట ఉండి, ఇంట్లో షుగర్ ఉన్న మనిషికి యాంటీబాడీ పరీక్ష, జన్యుపరీక్ష రాయడం డబ్బు దండగ. పైగా అలాంటి వ్యక్తిలో యాంటీబాడీ బొటాబొటీగా ఉన్నట్టు వస్తే అది తప్పుడు ఫలితం అయ్యే అవకాశమే ఎక్కువ. అయితే టైప్ 2 అనే ఆ పెద్ద పెట్టె కూడా లోపల ఒకటిగా లేదు. 2018లో స్వీడన్ పరిశోధకులు పెద్దవయసు మధుమేహాన్ని ఐదు గుంపులుగా విడదీశారు. 2020లో చెన్నై నుంచి వచ్చిన అధ్యయనం 19 వేలకు పైగా భారతీయ టైప్ 2 రోగుల వివరాలు విశ్లేషిస్తే నాలుగు గుంపులు వచ్చాయి, అందులో సుమారు 26 శాతం మంది ఇన్సులిన్ కొరత తీవ్రంగా ఉన్నవాళ్లు. కళ్లు దెబ్బతినే ముప్పు వీరిలోనే ఎక్కువ. వీరికి కంటి పరీక్ష, ఇన్సులిన్ గురించిన ఆలోచన ముందే మొదలుకావాలి. ఈ గుంపులు ఇంకా రోజువారీ వైద్యంలోకి రాలేదు, అయినా అందరికీ ఒకే చీటీ అన్న వాదన అంత గట్టిది కాదని ఇవి చూపిస్తున్నాయి.

ఖర్చు మాటకొస్తే, జన్యుపరీక్ష ఖరీదైనదే, క్లోమం పనితీరు చెప్పే సి-పెప్టైడ్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకదు. కానీ వర్గీకరణలో ముప్పాతిక పని పైసా ఖర్చులేని ప్రశ్నలతో అవుతుంది. ఏ వయసులో మొదలైంది, బరువు ఎంత త్వరగా తగ్గింది, చిన్నప్పుడు కడుపునొప్పి ఉండేదా, మద్యం ఎంత, మూడు తరాలుగా ప్రతి తరంలో పాతికేళ్లలోపే ఎవరికైనా వచ్చిందా, ఆయాసానికో కీళ్లనొప్పులకో స్టెరాయిడ్ వాడుతున్నారా, పేరూ ఊరూ లేని పొడి మందులు తింటున్నారా. వీటికి తోడు, ఇన్సులిన్ చాలనప్పుడు పెరిగే కీటోన్లను మూత్రంలో చూసే పట్టీ, అవసరమైతే పొట్ట స్కానింగ్. యాభై దాటాక కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా షుగర్ వచ్చి, బరువు కూడా తగ్గిపోతుంటే క్లోమం వైపు చూడాలి. ఆ వయసులో కొత్తగా షుగర్ వచ్చినవారిలో దాదాపు ఒక శాతం మందిలో మూడేళ్లలోపు క్లోమ క్యాన్సర్ బయటపడిందని అమెరికా అధ్యయనం ఒకటి చెప్పింది. ఈ ప్రశ్నలకు అనుమానాస్పదమైన జవాబులు వచ్చిన కొద్దిమందికే మిగతా పరీక్షలు కావాలి.

షుగర్ ఏదైతేనేం, అంకె అదుపులో ఉంటే చాలదా అన్నది ఇంకో మాట. టైప్ 1లో 1993 నాటి డీసీసీటీ, టైప్ 2లో 1998 నాటి యూకేపీడీఎస్ అధ్యయనాలు గ్లూకోజ్ తగ్గిస్తే కళ్లు, కిడ్నీలు, నరాలకు మేలని తేల్చాయి. అక్కడిదాకా రకంతో పనిలేదు. ఎలా తగ్గించాలి అన్న దగ్గర రకమే ముఖ్యం. ఈ మధ్య బాగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు టైప్ 2లో గుండెకూ కిడ్నీకీ మంచివి. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు లేని మనిషి, తనది టైప్ 2 అనుకుని అదే వేసుకుంటే, మీటర్ మీద అంకె పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారి కీటోఅసిడోసిస్‌లోకి జారిపోగలడు. అంకె బాగుంది కదా అని ఇంట్లోవాళ్లు ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకెళ్తారు. ఇన్సులిన్ అంటే ఆఖరి దశ అన్న భయం కూడా ఇక్కడే పుడుతుంది. మొదటి రోజు నుంచీ ఇన్సులిన్ కావాల్సిన మనిషికి నాలుగేళ్లు బిళ్లలిచ్చి, ఒళ్లు గుల్లయ్యాక సూది మొదలుపెడితే, చూసినవాళ్లకు ఆ నష్టం సూది వల్లే వచ్చిందనిపిస్తుంది.

ఇక పరీక్షలు కూడా తప్పుదారి పట్టిస్తాయి కదా అంటే, పట్టిస్తాయి. సి-పెప్టైడ్ క్లోమం సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో చెబుతుంది, ఇన్సులిన్ సూది వేసుకుంటున్నవారిలో కూడా. కానీ షుగర్ నాలుగొందల్లో ఉన్న వారంలో చూస్తే బీటా కణాలు సొమ్మసిల్లి ఉండి తక్కువ చూపిస్తుంది. టైప్ 1 మొదలైన కొత్తలో చూస్తే ఇంకా మిగిలిన కణాల వల్ల ఫరవాలేదన్నట్టు చూపిస్తుంది. మూడేళ్లు గడిచాక చూసిన సి-పెప్టైడ్ అన్నిటికన్నా నమ్మదగింది. యాంటీబాడీ లేదని వచ్చినంత మాత్రాన టైప్ 1 కాదని కొట్టేయలేం. జన్యుపరీక్షలో అర్థం తేలని మార్పులు కనిపించడం మామూలే, మన జనాభా జన్యు సమాచారం తక్కువ కాబట్టి మన దగ్గర మరీ ఎక్కువ. కాబట్టి ఇంకా తేలలేదు, ప్రస్తుతానికి ఇన్సులిన్ వాడదాం, ఏడాది తరవాత మళ్లీ చూద్దాం అని డాక్టర్ చెబితే అది చేతకానితనం కాదు. తెలియకుండానే టైప్ 2 అని రాసేయడం కంటే అది ఎన్నో రెట్లు మేలైన వైద్యం.

మీకో, మీ ఇంట్లోవారికో ముప్పై అయిదు లోపు షుగర్ వచ్చి ఉంటే, లావు లేకుండా వచ్చి ఉంటే, రెండు మూడు రకాల బిళ్లలకు ఏడాదిలోనే లొంగకుండా పోయి ఉంటే, కడుపునొప్పితో పాటు ఉంటే, తరతరానా చిన్నవయసులోనే వస్తుంటే, వచ్చేసారి డాక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఏ రకం, అలా ఎందుకనుకుంటున్నారు? జవాబును ఫైలు మొదటి పేజీ మీద రాయించుకోండి. రక్తహీనత ఉందేమో హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఇన్సులిన్ వాడుతున్నవారు మాత్రం తమది వేరే రకమేమోనన్న అనుమానంతో దాన్ని సొంతంగా ఆపొద్దు. టైప్ 1 ఉన్నవారిలో ఇన్సులిన్ ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే కీటోఅసిడోసిస్ వచ్చి ప్రాణాలు పోవచ్చు.